మెరుగు విలువ కాదు
గల్ఫు దేశములకు ఆర్జనకై తరలిపోయిన కోనసీమవారు తిరిగివచ్చుచు తెచ్చిన ఒమేగా, రాడో, రోలెక్సు వాచీలు కొత్తపేట ప్రాంతపు బీరువాలలో నేటికిని కానవచ్చుచుండగా, వానిని అమ్మజూపువారును కొనగోరువారును మొదట చూచునది మెరుగునే యగుట నాకు వింతగా దోచును. బంగారమునకు గీటురాయి చాలును గాని వాచీకి చాలదు. వెనుక మూత తెరచి, లోని యంత్రముపై చెక్కిన సంస్థ నామమును, సంఖ్యలును ఆ నమూనా వెలువడిన కాలముతో పొసగునో లేదో విచారింపవలెను. డయలు క్రింది అంచున ‘టి స్విస్ టి’ యని యున్నచో, అది చీకటిలో వెలుగుటకై ట్రిటియము పూసిన, 1960ల నాటిదో ఆ తరువాతిదో యగును గాని 1940 నాటిదనుట చెల్లదు. క్రొత్తగా రంగు వేయించిన డయలు కంటికింపుగా నుండవచ్చును, కాని ఎరిగిన సంగ్రాహకుడు వన్నె తగ్గిన అసలు డయలునకే అధికమూల్య మొసగును. భాగములు చాలవరకు అసలైనవే యైనను, వేర్వేరు వాచీలనుండి తీసి కూర్చినచో ఆ వాచీ అసలైనది కానేరదు: 2021 నవంబరులో జెనీవాయందలి ఫిలిప్స్ వేలసంస్థ వేలమున 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికిన ఒమేగా స్పీడుమాస్టరు వాచీ అట్టి కూర్పేయని, దానిని కొనిన ఒమేగా సంస్థయే 2023లో వెల్లడించెను. తయారుచేసినవారే వంచితులైనచోట సామాన్యులకు జాగరూకతయే శరణ్యము. కావున రసీదును, పెట్టెను పారవేయకుడు. పాత డయలునకు రంగు వేయింపకుడు. మూత తెరచి చూపుటకు సమ్మతింపని వానియొద్ద, వెల యెంత చౌకయైనను, వాచీ కొనకుడు.