ఫ్లాషాసురులు

"ఫ్లాష్ లేకుండా చీకటి హాలులో ఫోటో ఎలా వస్తుందండీ?" అని అమాయకంగా అడిగేవారి మీద నాకు కోపం లేదు. తెలియక అడుగుతారు, చెబితే వింటారు. నా తగవంతా "ఫ్లాష్ వేయనిదే స్పష్టత రాదు" అని తీర్పు చెప్పి, నర్తకి కన్నులలోనికి మెరుపులు విసిరే పెద్దమనుషులతోనే. ముందు వారి శాస్త్రాన్నే పరీక్షిద్దాం.

కాంతి తీవ్రత దూరపు వర్గానికి విలోమంగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. మూడింతలైతే తొమ్మిదో వంతు. సాధారణ కెమెరా నెత్తిన ఉండే చిన్న ఫ్లాష్ శక్తిని గైడ్ నంబరు అంటారు; ఐఎస్ఓ 100 వద్ద, మీటర్ల లెక్కలో, అది సుమారు 12. దానిని ఎపర్చర్ సంఖ్యతో భాగిస్తే ఆ మెరుపు చేరగల దూరం వస్తుంది. కెమెరాతో పాటు ఇచ్చే జూమ్ లెన్సును పూర్తిగా సాచితే ఎపర్చర్ ఎఫ్/5.6. లెక్క వేయండి: రెండు మీటర్ల పైచిలుకు. ఐఎస్ఓను 400 చేసినా నాలుగు మీటర్లు, మరి కాస్త. పదో వరుసలో ఆసీనుడైన మహానుభావుడికి వేదిక అంతకు మూడింతల దూరంలో ఉంటుంది. ఆయన మెరుపు వెలిగించేది సత్యభామను కాదు, ముందు వరుసలోని ముఖ్య అతిథి బట్టతలను. సెల్‌ఫోను దీపం సంగతి చెప్పనే అక్కరలేదు.

"అయితే వేదిక కిందనే నిలబడి తీస్తాం" అంటారు. అప్పుడు వెలుగు చేరుతుంది, ముఖమూ స్పష్టంగా పడుతుంది, కాదనను. కాని అది సున్నం కొట్టిన ముఖం. వెనుక నల్లని గొయ్యి. పక్కదీపం చెంప మీద గీసిన నీడ ఉండదు, తెర రంగు ఉండదు. వెలుగు ప్రదర్శనకు బయటి వస్తువు కాదు, అందులో ఒక పాత్ర. కూచిపూడి భాగవతులు కాగడాల వెలుగులో ఆడిన కాలంలో పాత్రప్రవేశం వేళ గుగ్గిలం పొడి చల్లి మంటను ఎగయించేవారు. తోలుబొమ్మలాటలో తెర వెనుక దీపమే సర్వస్వం. ముందు నుంచి ఫ్లాష్ వేస్తే హనుమంతుడు మాయమై ఉత్త తెల్లగుడ్డ మిగులుతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో ఆరంభమైన సురభి నాటకాలకు ప్రాణం వారి రంగస్థల మాయలే. ఆకాశం నుంచి నారదుడు దిగివచ్చే వేళ ఫ్లాష్ వేసినవాడు, ఆ మాయను దాచి ఉంచిన చీకటినే చెరిపివేస్తాడు. పిల్లలు నారదుణ్ణి చూడరు, తీగను చూస్తారు.

తరంగం మాట వేరే చెప్పాలి. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు, శిరస్సున నీటి చెంబు. ఆ స్థితిలో ఉన్న పదిహేనేళ్ల పిల్ల కళ్లలో మెరుపు కొట్టి క్షణంపాటు చూపు పోగొట్టడాన్ని ఛాయాగ్రహణం అనను, దౌర్జన్యం అంటాను. "మా అమ్మాయి రంగప్రవేశం, ఒక్కసారే వస్తుంది" అనే తల్లిదండ్రులే ఈ పని చేయడం మరీ విచిత్రం.

మరి స్పష్టత ఎలా? ఇక్కడ రెండు రకాల చెదురును వేరు చేయాలి. ఒకటి మన చేతి వణుకు. రెండవది నర్తకి కదలిక. స్టాండు గాని, లెన్సులో ఉండే స్థిరీకరణ గాని మొదటిదాన్నే ఆపగలవు. రెండవదాని జోలికి పోలేవు. నర్తకి చేయి సెకనుకు రెండు మీటర్ల వేగంతో కదులుతుంటే, షట్టర్ 1/15 సెకను తెరిచి ఉన్నప్పుడు పదమూడు సెంటీమీటర్లు జరుగుతుంది. 1/250 అయితే ఎనిమిది మిల్లీమీటర్లే. ఆ వేగానికి తగిన వెలుగు కావాలంటే ఖరీదైన కెమెరా కన్నా పెద్ద కన్ను గల లెన్సు ముఖ్యం. ఎఫ్/1.8 గల చవకైన 50 మి.మీ. లెన్సు, ఎఫ్/5.6 కన్నా సుమారు పదింతల వెలుగును లోనికి తెస్తుంది. ఐఎస్ఓను 1600కో 3200కో పెంచండి. ఇసుక చల్లినట్లు బొమ్మ గరుకుగా వస్తుందని భయపడేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది. గరుకైనా ముఖం ముఖమే. చెదిరిన ముఖాన్ని ఏ బ్రహ్మదేవుడూ సరిచేయలేడు.

ఇంకొక్కటి. వేదిక వెనుక నల్లతెర ఎక్కువగా కనబడితే కెమెరా ఆ చీకటిని చూసి బెదిరిపోయి షట్టరును మరింత సేపు తెరుస్తుంది. ముఖం తెల్లబోతుంది, చేతులు చెదురుతాయి. ఎక్స్‌పోజరును ఒక మెట్టు తగ్గిస్తే స్వామికార్యం, స్వకార్యం రెండూ నెరవేరుతాయి.

అసలు కిటుకు మాత్రం కెమెరాలో లేదు, చెవిలో ఉంది. నృత్తంలో జతుల పరుగు ముక్తాయింపుతో ముగుస్తుంది. ఆ ముక్తాయింపు సాధారణంగా మూడుమార్లు వస్తుంది. మొదటిసారి విని గుర్తుపట్టండి, రెండవసారి వేలు సిద్ధం చేసుకోండి, మూడవది ముగిసి నర్తకి భంగిమలో నిలిచిన అరక్షణంలో మీట నొక్కండి. అప్పుడు 1/60 సెకను కూడా చాలు. నట్టువనారు చేతిలో తాళం మీకు ముందే చెబుతూనే ఉంది. వినడానికి మీకే తీరిక లేదు, సెకనుకు పది బొమ్మలు కురిపించుకుంటున్నారు. పద్యనాటకంలో ఇంకా సులువు. పద్యం చివర రాగం తీసేటప్పుడు నటుడు మైకు ముందు నిశ్చలంగా నిలబడతాడు. అయితే అప్పుడు నోరు తెరిచి ఉంటుంది గనుక, రాగం ముగించి చూపు తిప్పే క్షణానికై ఆగాలి. పద్యం తెలిసినవాడికి ఆ క్షణం ఎప్పుడో తెలుస్తుంది. తెలియనివాడు "వన్స్ మోర్" కోసం కాచుకోవాల్సిందే!

దీపాలు అమర్చేవారికీ నా దగ్గర రెండు మాటలు ఉన్నాయి. ఇప్పుడు ఎక్కడ చూసినా ఎర్రని, ఊదా రంగు ఎల్‌ఈడీల వరద. ఎర్రని వెలుగు ఒక్కటే పడినప్పుడు కెమెరాలో ఎరుపు నిండిపోయి, కనుబొమలు, పెదవులు, గంధం చుక్క అన్నీ ఒకే ముద్దగా కలిసిపోతాయి. తప్పు ఛాయాగ్రాహకుడిదని అందరూ అనుకుంటారు. ముఖం మీద కొంచెం తెల్లని వెలుగు పడనిచ్చి రంగులను వెనుకతెరకు పంపితే మీ సొమ్మేం పోయింది?

ఇంత రాద్ధాంతం ఎందుకంటే, వేదాంతం సత్యనారాయణశర్మ గారు 2012లో కన్నుమూశారు. వారి సత్యభామను ఇక ముందు తరాలవారు చూడగలిగేది ఛాయాచిత్రాలలోను, వీడియోలలోను మాత్రమే. నేడు పల్లెటూళ్లలో ఆడుతున్న పద్యనటులకు వీడియోలు కూడా అంతంతమాత్రమే. పాతిక ముప్ఫై ఏళ్లు శ్రీకృష్ణుడు కట్టినవాడి ఇంటి గోడ మీద సున్నపు ముఖం, ఎర్రని కనుగుడ్లు గల ఫోటో వేలాడుతుండడం న్యాయమా? ఆ ఎర్రకళ్లు పాత్రవి కావు, ఫ్లాషువి.

నిర్వాహకులను అడిగేది చిన్న విషయం. తెర లేచే ముందు సెల్‌ఫోనులు కట్టివేయమని ప్రకటిస్తారు కదా, దానికి "ఫ్లాష్ వేయరాదు" అన్న రెండు మాటలు కలపండి. ముందుగా వచ్చి అభ్యాసం వేళ దగ్గర నుంచి తీసుకుంటామన్నవారికి అనుమతి ఇవ్వండి. ప్రదర్శన వేళ పక్కనడవలో చోటు చూపండి. అన్నిటికన్నా ముందు, ఆ ప్రకటన చదివే పెద్దాయన పక్కనే నిలబడి ఆయన ముఖం మీదే టపటపా ఫ్లాష్ కొట్టే మీ సొంత ఫోటోగ్రాఫరును కాస్త పక్కకు పిలిచి మాట్లాడండి.