మూడో వరుస లెక్క

మొన్న మా మనవరాలు ఆవర్తన పట్టిక ముందేసుకుని, “తాతయ్యా! సోడియంలో 11 ప్రోటాన్లు, క్లోరిన్‌లో 17. మరి క్లోరిన్ పరమాణువే చిన్నదెందుకు?” అంది. ఇక్కడ బరంపురంలో దాని చదువంతా ఇంగ్లీషులోనే. నేను తెలుగులో చెప్పాను.

“రెండింటికీ బయటి కక్ష్య మూడోదే. ప్రోటాన్లు పెరిగేకొద్దీ కేంద్రకం ఎలక్ట్రాన్లను మరింత గట్టిగా లాగుతుంది. అందుకే వరుసలో కుడివైపుకు పోయేకొద్దీ పరమాణువు కుదించుకుపోతుంది. పట్టు తక్కువైన సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది, క్లోరిన్ అందుకుంటుంది. అదే మన వంటింటి ఉప్పు.”

“మరి కిందికి దిగితే?”

“సోడియం కింద పొటాషియం. దానికి నాలుగో కక్ష్య చేరుతుంది, పరమాణువు పెద్దదవుతుంది.”

అర్థమైందని మురిసిపోయి, నా మాటల్నే పుస్తకం అంచున రాసుకోబోయి ఆగిపోయింది. దానికి మన అక్షరాలు రావు. ఇప్పుడు రోజూ సాయంత్రం మా ఇంట్లో రెండు పాఠాలు: రసాయనశాస్త్రం, అఆలు. మరి మీ ఇంట్లో?