టిఫిను వేడిగా ఉండాలి, వేళకు ఉండాలి



డిశ్చార్జి రోజున మందుల చీటీ చదివి చెప్పాక ఇంటివారు లేవబోతూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. పెరుగు తినవచ్చా, తలస్నానం చేయించవచ్చా, మెట్లు ఎక్కవచ్చా అని. ఈమధ్య వాటిలో ఇంకొకటి చేరింది. "సిస్టర్‌గారూ, ఎయిర్ ఫ్రయ్యరు కొంటే నాన్నగారికి పొద్దున్నే గారెలు పెట్టవచ్చా?" అని అడుగుతున్నారు. గుండె జబ్బు, షుగరు, బి.పి. ఉన్నవారి పిల్లలే ఎక్కువగా అడుగుతారు. నాన్నగారికి ఇష్టమైనది ఎలాగైనా పెట్టాలన్న ప్రేమ అందులో ఉంది. అందుకని ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పి పంపడం మాకు ఇష్టం లేదు.

ముందు ఆ యంత్రం ఏమిటో చూద్దాం. ఫిలిప్స్ కంపెనీ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో దీన్ని లోకానికి చూపించింది. పేరులో 'ఫ్రై' ఉన్నా అందులో వేపుడు జరగదు. పైన వేడెక్కే తీగ, దాని వెనక ఫ్యాను ఉంటాయి. ఆ ఫ్యాను 200 డిగ్రీల దాకా వేడెక్కిన గాలిని బుట్ట చుట్టూ తిప్పుతుంది. బేకరీ ఓవెనుకు చిన్న చెల్లెలు అనుకోండి. నూనెలో మునగకుండా పైభాగం ఎర్రబడుతుంది, అంతే.

ఇక గారెల సంగతి. జారుగా ఉన్న పిండి బుట్ట కన్నాల్లోంచి కారిపోతుంది. గట్టిగా రుబ్బి, బిళ్ళలు చేసి, పైన కొంచెం నూనె రాసి, 180 డిగ్రీల్లో పావుగంట ఉంచి, మధ్యలో ఒకసారి తిప్పితే గారె లాంటిది వస్తుంది. మూకుట్లో వేయించిన గారె కాదది. పైన కాస్త పెళుసుగా, అంచులు గట్టిగా ఉంటుంది. కట్టుడు పళ్ళవారికి, పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవారికి అది పెట్టకండి. మిగతావారికి మాత్రం, బండి దగ్గర పొద్దుటినుంచి మరిగిన నూనెలో తేలిన గారె కన్నా ఇది ఎంతో నయం. ఒకే నూనెను పదేపదే కాచితే చెడు పదార్థాలు పెరుగుతాయి. వాటి మోతాదు 25 శాతం దాటిన నూనె వాడకూడదని మన దేశంలో 2018 జూలై 1 నుంచి నియమం ఉంది. ఆ పరీక్ష చేసే బండిని మేమైతే ఇంతవరకు చూడలేదు.

అయితే మన ఇండ్లలో రోజూ గారెలు, పూరీలు తింటామా? మన టిఫినులో ఎక్కువ భాగం ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు, జావ. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, దానిలో నూనె చుక్క లేదు. దాన్ని నూనె లేకుండా చేయడానికి వేలు పోసి యంత్రం కొనడం ఎందుకు? పెసరట్టు ఆ బుట్టలో రాదు. పెనం మీద చెంచాడు నూనెతో అయిపోతుంది, చెంచాడు నూనె అంటే 45 క్యాలరీలు. పిండి పదార్థాలు 120 డిగ్రీలు దాటి ఎర్రగా కాలినప్పుడు అక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు చెప్పారు. ఎయిర్ ఫ్రయ్యరులో ఎర్రబడిన ఆలుగడ్డకూ అది వర్తిస్తుంది. ఆవిరి మీద ఉడికిన ఇడ్లీకి ఆ బాధ లేదు.

బి.పి. ఉన్నవారికి మా చింత నూనె ఒక్కటే కాదు, పక్కన ఉన్న పచ్చడి గిన్నె కూడా. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచాడు మించకూడదు. ఆవకాయ, కారప్పొడి, అల్లం పచ్చడి కలిస్తే టిఫిను దగ్గరే అందులో చాలా భాగం అయిపోతుంది. యంత్రం ఉప్పును తగ్గించదు.

కాబట్టి ఈ యంత్రం వద్దంటున్నామా? కాదు. ఎవరి కోసం కొంటున్నారన్నదే మా ప్రశ్న.

బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి వీధుల్లో పాత ఇండ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే ఇక్కడ అమ్మానాన్నలు ఇద్దరే, లేదా ఒక్కరే ఉండే ఇండ్లు మన సంఘంలోనే ఎన్నో ఉన్నాయి. ఎనభై ఏళ్ళ అమ్మ చేతులు వణుకుతుండగా గ్యాసు పొయ్యి ముందు నిలబడడం, నైలాన్ చీర కొంగు మంట వైపు జారడం, స్టవ్ మీద పాలు పెట్టి మరచిపోవడం మాకు భయం కలిగించేవి. కాగిన నూనె ఒలికితే కాలిన గాయం లోతుగా పోతుంది, ఆ వయసులో మానడానికి నెలలు పడుతుంది. అలాంటి ఇంటికి మంట లేని, టైము కాగానే తనంతట తాను ఆగిపోయే యంత్రం నిజంగా మేలు. మా అభిప్రాయంలో దీనికి సరైన చోటు అదే.

ఒంటరిగా ఉన్నవారు చేసుకోగల వేడి టిఫిను ఒకటి చెబుతాం. రెండు గుడ్లు పెంకుతోనే, పక్కన రెండుగా కోసిన టమాటా బుట్టలో పెట్టి 140 డిగ్రీల్లో 13 నిమిషాలు ఉంచండి. గుడ్లు తీసి చల్లని నీళ్ళలో వేసి, బుట్టలో రెండు బ్రెడ్ ముక్కలు మూడు నాలుగు నిమిషాలు పెట్టండి. బ్రెడ్ రంగు చూసి మోసపోకండి, కవరు మీద మొదటి పేరు మైదా అయితే అది మైదా బ్రెడ్డే. నిన్నటి ఇడ్లీలు ఫ్రిజ్‌లో ఉంటే ముక్కలు చేసి, చెంచాడు నూనె పట్టించి వేడి చేసినా బాగుంటాయి. విదేశాల పిల్లలు పంపే వీడియోల్లో గుడ్ల పక్కన సాసేజ్‌లు ఉంటాయి. అలా నిలవ చేసిన మాంసం క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే ప్రకటించింది. వాటిని రోజువారీ టిఫినులో చేర్చకండి.

ఇన్సులిన్ వేసుకునేవారు ఈ మాట తప్పక గుర్తుంచుకోండి. బుట్ట చిన్నది. నలుగురున్న ఇంట్లో రెండు మూడు వాయిలు వేయాలి. ఇంజక్షను చేసుకుని మూడో వాయి కోసం కూర్చుంటే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడడం మొదలవుతాయి. ఆదివారం ఉదయం ఆరాధనకు తొందరపడే ఇండ్లలో ఇది మరీ జరుగుతుంది. టిఫిను తయారీ చివరికి వచ్చిందని చూసుకుని, డాక్టరుగారు చెప్పినంత వ్యవధి లెక్కపెట్టి అప్పుడే ఇన్సులిన్ వేసుకోండి. మొదటి వాయి వారికే పెట్టండి. ఆ లక్షణాలు కనబడి మనిషి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ పరీక్ష చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకురండి.

అశోక్‌నగర్ హాస్టళ్ళలో పరీక్షలకు చదివే పిల్లలు కూడా కొందరు కలిసి దీన్ని కొంటున్నారట. ఇది 1500 వాట్ల దాకా లాగుతుంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకు దీన్నీ తగిలించకండి, పెద్ద పవర్ ప్లగ్‌లోనే పెట్టండి.

క్రిస్మస్‌కు వచ్చే పిల్లలకు ఒక్క మనవి. అమ్మకు యంత్రం కొని ఇచ్చి వెంటనే విమానం ఎక్కకండి. వారం రోజులు అమ్మ చేతనే చేయించండి. మీటల మీద రాతలు ఇంగ్లీషులో, సన్నగా ఉంటాయి. "గుడ్లు – 140 – 13 నిమిషాలు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, యంత్రం పైన గోడకు అంటించి వెళ్ళండి.