మీ ఆట ఇంకా ఉందా?

చిన్నప్పటి నుంచి ఆడిన వీడియోగేముల్లో బాగా ఇష్టమైనవి అయిదు చెప్పమంటే ఎవరైనా టకటకా చెప్పేస్తారు. వరసలో పెట్టమంటేనే తంటా. మారియో గొప్పా, కాంట్రా గొప్పా అని అన్నదమ్ములిద్దరు మొదలెడితే తెల్లారిపోవాల్సిందే.

2025 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని బాఫ్టా సంస్థ (సినిమా అవార్డులిచ్చేదీ అదే) ఈ తగువు తీర్చబోయింది. ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఎక్కువ ప్రభావం చూపిన వీడియోగేమ్ ఏదని జనాన్నే అడిగింది. మొదటి స్థానం 1999లో జపాన్‌లో వచ్చిన 'షెన్‌మూ'కి దక్కింది. రెండోది 1993 నాటి 'డూమ్'. మన మారియోకి మూడో స్థానం. ఇక విమర్శకుల మార్కులు లెక్కకట్టే మెటాక్రిటిక్‌ను అడిగితే 1998లో వచ్చిన 'జెల్డా: అకరీనా ఆఫ్ టైమ్' వందకి 99తో అన్నిటికన్నా పైన ఉంది.

వరంగల్లోనో విజయవాడలోనో నలభై ఏళ్లవాణ్ని అడిగి చూడండి. షెన్‌మూ ఏమిటి, జెల్డా ఎవరు అంటాడు. అతను ఆడింది టీవీకి తగిలించే డబ్బాతో, పైన 9999 ఆటలని అచ్చేసిన క్యాసెట్‌తో. (నిజంగా ఉండేవి కాసిని. మిగతావన్నీ అవే, పేర్లు వేరు.) దొరికింది ఆడాడు, ఆడింది ఇష్టపడ్డాడు. లోకం ఇచ్చిన ర్యాంకులు అతనికెందుకు?

బొమ్మలు బాగున్నాయా, కథ ఉందా, ఎన్ని అమ్ముడయ్యాయి... కొలతలకేం, బోలెడున్నాయి. వాటికి ఇంకొక్కటి చేర్చి చూస్తే మాత్రం ఏ జాబితా అయినా తలకిందులైపోతుంది. ఆ ఆట ఇవాళ ఆడాలనిపిస్తే ఆడగలరా?

ఫార్మ్‌విల్ సంగతే చూడండి. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చింది. స్ట్రాబెర్రీ వేస్తే నాలుగు గంటల్లో కోతకొచ్చేది. కోయకుండా వదిలేస్తే ఎండిపోయేది. అందుకని అలారం పెట్టుకుని లేచి మరీ పంట కోసినవాళ్లున్నారు. అసలు పొలం ఎన్నడూ చూడనివాళ్లు కూడా! 2020 డిసెంబరు 31న జింగా కంపెనీ దాన్ని మూసేసింది. అది నడిచే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కే కాలం చెల్లింది మరి. ఏళ్ల తరబడి సాకిన ఆవులూ, వేసిన కంచెలూ అన్నీ పోయాయి. ఎవరి జాబితాలోనైనా ఆ ఫార్మ్‌విల్ ఉంటే పేరుకు ముందు 'కీ.శే.' అని చేర్చుకోవడమే.

అది ఉచితంగా వచ్చింది, పోయిందనుకుందాం. డబ్బు పోసి కొన్నవాటి గతి? ఉబీసాఫ్ట్ కంపెనీ 2014లో తెచ్చిన కార్ల ఆట 'ది క్రూ'ని 2024 మార్చి 31న ఆపేసింది. ఒక్కడే కూర్చుని ఆడుకోవాలన్నా దానికి కంపెనీ సర్వరు కావాలి. సర్వరు పోయాక డిస్కు చేతిలో ఉన్నా లాభం లేదు. కొన్న వస్తువును అమ్మినవాడే పనికిరాకుండా చేయడమేమిటని ఆటగాళ్లు మండిపడ్డారు. 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అంటూ మొదలైన ఉద్యమానికి 2025 జూలై నాటికి యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. సోనీ 'కాంకర్డ్' అయితే మరీ విడ్డూరం. 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబరు 6న వెళ్లిపోయింది. డబ్బు తిరిగిచ్చేశారు, అది వేరే సంగతి.

పోనీ పాతవి పదిలంగా ఉన్నాయా అంటే అదీ లేదు. అమెరికాలోని వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీసింది. 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవు. కంపెనీలు మూతపడ్డాయి, హక్కులెవరివో తేలదు, ఆడే యంత్రాలు మూలనపడ్డాయి. అలాంటి ఆటల్ని గ్రంథాలయాలు పరిశోధకులకు ఇంటర్నెట్ ద్వారా అందిస్తామంటే 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ ఆఫీసు కుదరదంది.

ఈ లెక్కన ర్యాంకులు మళ్లీ ఇవ్వాలి.

మూడో స్థానం ఈఏ స్పోర్ట్స్ 'క్రికెట్ 07'కి. బొమ్మలు మొరటు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా తప్ప మిగతా దేశాల ఆటగాళ్ల అసలు పేర్లు వాడుకునే హక్కు కూడా కంపెనీకి లేదు. 2006 చివర్లో వచ్చిన ఈ ఆటతోనే ఆ కంపెనీ క్రికెట్‌కు దణ్ణం పెట్టేసింది. అభిమానులు ఊరుకుంటేగా! పేర్లు సరిచేశారు, జెర్సీలు మార్చారు, కొత్త స్టేడియాలు కట్టారు. ఐపీఎల్ పుట్టింది 2008లో. అంతకుముందే వచ్చిన ఈ ఆటలో ఐపీఎల్ జట్లు దిగాయంటే అదంతా అభిమానుల చలవే. కన్నవాళ్లు వదిలేస్తే ఊరివాళ్లు పెంచినట్టు.

రెండో స్థానం 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'ది. 1989లో యాపిల్-2 కంప్యూటర్ కోసం జోర్డాన్ మెక్నర్ అనే కుర్రాడు తయారుచేశాడు. తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు తొడిగి పరిగెత్తించి, దూకించి వీడియో తీశాడు. దాన్ని చూస్తూ ఒక్కో కదలికా బొమ్మగా గీశాడు. రాజకుమారుడు అంచు పట్టుకుని వేలాడుతుంటే చూసేవాళ్ల ప్రాణాలు గాల్లో ఉండేవి అందుకే. సంగీతం వాళ్ల నాన్నది. ఇంకో శత్రువును పెట్టడానికి మెమరీ చాలకపోతే రాజకుమారుడి బొమ్మనే కాస్త జరిపి, రంగు తిప్పి అతని నీడనే అతనికి శత్రువును చేశాడు. చోటు లేకపోవడం ఇంత మంచి ఆలోచన ఇవ్వడం అరుదు! ఈ ఆట మూలప్రోగ్రాం పోయిందనే అనుకున్నారు చాలాకాలం. 2012లో వాళ్ల నాన్నగారింట్లో ఓ పాత పెట్టె బయటపడింది. అందులో ఫ్లాపీలు. ఇరవై ఏళ్లు దాటిన ఫ్లాపీలో అక్షరాలు మిగులుతాయన్న భరోసా లేదు. తెలిసినవాళ్లు పాత యంత్రాలు పట్టుకొచ్చి జాగ్రత్తగా చదివితే మొత్తం దక్కింది. మెక్నర్ దాన్ని దాచుకోలేదు, అందరూ చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఆ పెట్టె చెత్తలో పోయుంటే?

మారియోకి, కాంట్రాకి స్థానం లేదా అని కోప్పడకండి. మారియో మొత్తం 40 కిలోబైట్లు. చోటు కలిసొస్తుందని మబ్బుకు తెలుపు, పొదకు ఆకుపచ్చ వేసి ఒకే బొమ్మ వాడారు. కాంట్రాలో 30 ప్రాణాలిచ్చే పై-పై-కింద-కింద మంత్రం కూడా అంతకుముందే 1986లో 'గ్రేడియస్' కోసం పుట్టింది. తాను చేసిన ఆట తానే ఆడలేక కజుహిసా హాషిమోటో పెట్టుకున్న దొడ్డిదారి అది. ఈ రెండు ఆటలకీ వచ్చిన ముప్పేమీ లేదు. నాలుగు, అయిదు ఎలా పంచుకోవాలో ఆ అన్నదమ్ములే తేల్చుకుంటారు.

మొదటి స్థానం టెట్రిస్‌ది. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ రాశాడు. అతని ముందున్న ఎలక్ట్రానికా-60కి బొమ్మలు వేయడం రాదు. బ్రాకెట్లనే ఇటుకలుగా పేర్చాడు. కథ లేదు, రాజకుమారి లేదు, భాష అక్కర్లేదు. లోకమంతా ఆడింది. కన్నతండ్రికి మాత్రం రాయల్టీ మొదలైంది 1996లోనే.

ఆ ఆటకు చివరంటూ లేదనుకునేవాళ్లు. 2023 డిసెంబరులో అమెరికాలోని ఓక్లహామాకు చెందిన 13 ఏళ్ల కుర్రాడు 1989 నాటి నింటెండో క్యాసెట్‌తో ఆడుతూ 157వ లెవెల్‌కి వెళ్లాడు. అక్కడ ఆటే బిగుసుకుపోయింది. 34 ఏళ్లలో ఏ మనిషీ దాన్ని అంతదాకా తీసుకెళ్లలేదు.