పిల్లల్ని తూచే ముందు తక్కెడ చూపించండి

సంతలో సావుకారి తక్కెడ మనకు కొత్త కాదు. చింతపండు, అడ్డాకు, పసుపు నెత్తిన పెట్టుకుని కొండ దిగిన మన అమ్మలు ఆ తక్కెడ ముందు ఎన్ని తరాలు నిలబడ్డారో మనకు తెలుసు. కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఇంకో కుంచం. ఆ దోపిడీ నుంచి కాపాడతామనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. సరుకు తూకంలో మోసం ఉంటుందని ప్రభుత్వం కూడా ఒప్పుకుంది. ఇప్పుడు మన పిల్లల తెలివిని తూచే తక్కెడ టాబ్లెట్ రూపంలో ఆశ్రమ పాఠశాలల్లోకి వస్తోంది. ఈ తక్కెడలో రాళ్ళు ఎవరు వేశారని మాత్రం ఎవరూ అడగడం లేదు. మేం అడుగుతున్నాం.

మాలో కొందరు పనిచేసే పాడేరు వైపు ఒక బడికి బాలల పరిశోధన అని చెప్పి ఒక బృందం వచ్చింది. నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి చేతికి టాబ్లెట్లు ఇచ్చింది. ఆన్‌లైన్ జనరల్ నాలెడ్జ్ పరీక్ష. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, ప్రశ్నకు ముప్పై సెకన్లు. ఆ పిల్లల్లో చాలామంది అంతకు ముందు టాబ్లెట్ పట్టుకోలేదు. ఇళ్ళలో కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడే పిల్లలు. ప్రశ్నలు పుస్తకాల తెలుగులో ఉన్నాయి. లిఫ్టులో ఏ బొమ్మ నొక్కాలి, ఎర్ర దీపం వెలిగితే బండి ఏం చేయాలి, ఫలానా క్రికెట్ ఆటగాడు ఎవరు. మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. ఆగిపోయిన ప్రశ్నలు సున్నాలయ్యాయి. కొన్నాళ్ళకు బడికి ఒక కాగితం వచ్చింది. పిల్లలకు లోకజ్ఞానం బాగా తక్కువగా ఉందని అందులో రాశారు.

ఆ ఇరవైలో ఒక ప్రశ్న దగ్గర ఆగుదాం. ఆవును ఎందుకు పెంచుతారు? పాల కోసం, ఎరువు కోసం, ఉన్ని కోసం, కాపలా కోసం. మా పిల్లల్లో చాలామంది ఎరువు కోసం అన్నారు. తప్పు అని పడింది. మా కొండ ఊళ్ళలో ఎన్నో ఇళ్ళలో ఆవు పాలు పిండరు. పాలు దూడవి. పేడ పొలానికి, కోడెదూడ పెరిగితే దుక్కికి. ఇది తెలియనితనం కాదు. తరాలుగా వస్తున్న ఒక నీతి, ఒక వ్యవసాయం. పిల్ల తన ఇంట్లో చూసింది చూసినట్టు చెప్పింది. నిజం చెప్పినందుకు మార్కు పోయింది. ప్రశ్న రాసినాయన ఇంటికి పాలు ప్యాకెట్లో వస్తాయి. ఆయన బహుశా జన్మలో ఆవును మేపి ఉండడు. అయినా ఆవు గురించి తెలిసినవాడు ఆయన, తెలియనిది మా పిల్ల. ఇదెక్కడి లెక్క?

ప్రశ్న ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఒకరు తన ఇంటి నుంచి, తన వీధి నుంచి, తను చదివిన బడి నుంచి దాన్ని తీస్తారు. అడగదగ్గ విషయం ఏది, అడగక్కర్లేనిది ఏది అని తేల్చేదీ వాళ్ళే. వలిసె పూలు ఏ కాలంలో విరగబూస్తాయి, కొండ మీద ఏ చెట్టు చిగురిస్తే విత్తనం తీయాలి అన్నది జనరల్ కాదు. లిఫ్టు బొమ్మ జనరల్. 'జనరల్' అనే ముద్ర వేసే అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ పిల్లలే తెలివైనవాళ్ళుగా తేలతారు.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం 17 లక్షల మందికి పైగా సైనికులకు తెలివి పరీక్షలు పెట్టింది. అందులో ఒక వంట కొవ్వు బ్రాండు పేరు అడిగారు, ఒక బేస్‌బాల్ ఆటగాడి పేరు అడిగారు. ఇంగ్లీషు రానివాళ్ళకు బొమ్మలతో వేరే పరీక్ష పెట్టి, వల లేని టెన్నిస్ మైదానం చూపించి ఏది లోపించిందో చెప్పమన్నారు. ఇటలీ, పోలండ్, రష్యాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన పేదలు టెన్నిస్ ఎక్కడ ఆడారు? వాళ్ళకు మార్కులు తక్కువ వచ్చాయి. అమెరికాలో ఉన్న ఏళ్ళు పెరిగేకొద్దీ మార్కులూ పెరిగాయి. పరీక్ష తూచింది తెలివిని కాదు, ఆ దేశంతో పరిచయాన్ని అని దాంతోనే తెలిసిపోవాలి. కానీ కార్ల్ బ్రిగమ్ అనే శాస్త్రవేత్త 1923లో పుస్తకం రాసి, ఆ జాతులకే తెలివి తక్కువన్నాడు. 1924లో వలసలకు తలుపు మూసే చట్టం వచ్చినప్పుడు అక్కడి గాలి అంతా ఇలాంటి మాటలతోనే నిండి ఉంది. 1930లో బ్రిగమ్ తన తీర్పు నిలబడదని తానే ఒప్పుకున్నాడు. అప్పటికి చట్టం వచ్చి ఆరేళ్ళయింది.

1972లో రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్త ఈ తక్కెడను తిరగేసి చూపించాడు. నల్లజాతి వాడల్లోని మాటలు, అనుభవాల నుంచి 100 ప్రశ్నలు తయారుచేశాడు. ఈసారి నల్లజాతివాళ్ళకు ఎక్కువ మార్కులు వచ్చాయి, తెల్లవాళ్ళు వెనకబడ్డారు. ఒక్క రోజులో ఎవరి బుర్రలూ మారలేదు. ప్రశ్నలు మారాయి, అంతే.

ప్రశ్నల సంగతి ఇదైతే మార్కులు వేసే పద్ధతి సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. ఉపాధ్యాయులు ఈ లెక్క బోర్డు మీద వేసి చూడాలని మా కోరిక. ఇరవై ప్రశ్నలు, నాలుగేసి జవాబులు. ఏమీ చదవకుండా కళ్ళు మూసుకుని నొక్కినా సగటున 5 మార్కులు వస్తాయి. ఇద్దరు పిల్లలున్నారు అనుకుందాం. ఇద్దరికీ సరిగ్గా 8 ప్రశ్నలే తెలుసు. ఒకడు తెలియని 12 వదిలేశాడు. వాడికి 8. ఇంకొకడు ఆ 12 కూడా తోచినట్టు నొక్కాడు. సగటున 3 తగులుతాయి. వాడికి 11. తెలిసింది ఇద్దరికీ ఒకటే. మూడు మార్కుల తేడా తెగువది.

మన పిల్లలు ఎందుకు వదిలేస్తారో మనకు తెలుసు. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదని, పెద్దల ముందు తొందరపడి నోరు విప్పకూడదని మన ఇళ్ళలో నేర్పుతారు. కొత్త మనిషి ఎదురుగా నిలబడితే ఇంకా ముడుచుకుంటారు. పట్నం పిల్లకు చిన్నప్పటి నుంచి ఆబ్జెక్టివ్ పరీక్షలు అలవాటు. 'ఏదో ఒకటి పెట్టెయ్' అని ట్యూషన్‌లోనే చెబుతారు. ఒకడి నిజాయితీ సున్నా అయింది, ఇంకొకడి అలవాటు మార్కు అయింది.

తప్పు జవాబుల సంఖ్యను మూడుతో భాగించి తీసేస్తే ఈ తేడా సర్దుకుంటుంది. రెండోవాడికి 11 ఒప్పులు, 9 తప్పులు. 9ని 3తో భాగిస్తే 3, 11లోంచి తీస్తే 8. ఇద్దరూ సమానం. కానీ తప్పుకు మార్కు కోస్తామంటే భయపడే పిల్ల ఇంకా భయపడుతుంది. అందుకే 'తెలియదు' అనే అయిదో గడి పెట్టాలి. తప్పు చెప్పినవి వేరుగా, తెలియదన్నవి వేరుగా, సమయం చాలక అందనివి వేరుగా లెక్క రాయాలి. సిగ్నల్ పోయి ఆగినవి అసలు లెక్కలోకే రాకూడదు. టవరు లేకపోవడం పిల్లల తప్పా? ఈ అన్నింటినీ ఒకే సున్నాలో కలిపేస్తే అది పరిశోధన కాదు, కలగాపులగం.

పరీక్ష చాలా నమ్మదగింది, రెండుసార్లు పెట్టినా అవే మార్కులు వచ్చాయి అని వాళ్ళంటారు. రావచ్చు. సావుకారి దొంగ రాయి కూడా పదిసార్లు తూచినా ఒకే బరువు చూపిస్తుంది. మారకపోవడం వేరు, నిజం కావడం వేరు. ప్రశ్నను పరీక్షించే పద్ధతులు వాళ్ళ శాస్త్రంలోనే ఉన్నాయి. మొత్తం మార్కులు సమానంగా వచ్చిన పిల్లల్ని తీసుకుని ప్రశ్న తర్వాత ప్రశ్న పోల్చాలి. ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఒక ప్రాంతం పిల్లలే పడిపోతుంటే అనుమానించాల్సింది పిల్లల్ని కాదు, ఆ ప్రశ్నను. ఆవు ప్రశ్న అలా పట్టుబడేదే. పట్టుకోవాలని ఎవరూ చూడలేదు.

భాష సంగతీ అంతే. ఇంగ్లీషులో 'సీజన్లు ఎన్ని' అంటే నాలుగు అని జవాబు రాసి ఉంటుంది. దాన్ని 'కాలాలు ఎన్ని' అని తెలుగు చేసి, జవాబు నాలుగే ఉంచితే, మూడు కాలాలని చదువుకున్న పిల్ల తప్పవుతుంది. ఆరు ఋతువులని చదువుకున్న పిల్లా తప్పవుతుంది. తెలుగు పిల్లల గతే ఇదైతే, తెలుగు రెండో భాషగా నేర్చుకుంటున్న మన పిల్లలు ముప్పై సెకన్లలో ప్రశ్న చదవడానికే సరిపోతుంది. మన భాషల్లో అడగడం కుదరదని ఎవరైనా అంటే నమ్మొద్దు. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా, ఈ ఎనిమిది భాషల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే బడి పుస్తకాలు తయారయ్యాయి. పైగా టాబ్లెట్‌కు నోరుంది. ఊళ్ళో ఒక అక్క గొంతుతో ప్రశ్న రికార్డు చేసి వినిపిస్తే చాలు. ఆన్‌లైన్ పరీక్షలో మనకు నిజంగా పనికొచ్చే సంగతి అదొక్కటే. దాన్నే వదిలేశారు.

మాకు ఒక జవాబు చెబుతారు. మీ పిల్లలు రేపు పట్నంలో బతకాలి కదా, లిఫ్టు, సిగ్నల్ దీపం తెలియొద్దా అంటారు. తెలియాలి. మేం కాదనడం లేదు. అయితే దానికి పట్నం పరిచయం అని పేరు పెట్టండి. ఏ పిల్లకు ఆ పరిచయం అందలేదో కనుక్కుని నేర్పండి. నేర్పని దాన్ని అడిగి, రాలేదని రాసుకుని, దానికి లోకజ్ఞానం అని, తెలివి అని పేరు పెట్టకండి. ఆ కాగితం బడి బీరువాలో ఊరికే పడి ఉండదు. కొత్తగా వచ్చిన సారు దాన్ని చూసి 'వీళ్ళకు ఇంతకంటే ఎక్కదు' అనుకుంటాడు. పాఠం తగ్గిస్తాడు. పిల్ల కూడా అదే నమ్ముతుంది. అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

మనల్ని మనం కూడా అడుగుకోవాలి. అడవి ప్రశ్నలతో పరీక్ష పెడితే మన పిల్లలందరూ గెలుస్తారా? గెలవరు. ఆరేళ్ళకే హాస్టల్లో చేరిన పిల్ల సెలవులకు ఇంటికి వెళితే, చేదు దుంపను ఎలా కోసి, ఉడికించి, పారే నీళ్ళలో ఎంతసేపు ఉంచాలో తెలియక అమ్మమ్మ ముందు తలదించుకుంటుంది. ఆదిలాబాద్ గోండు పిల్లవాడు నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగల్లో తమది ఏదో, ఏ సగవాళ్ళతో పెళ్ళి కుదరదో చెప్పలేకపోతున్నాడు. లిఫ్టూ తెలియదు, దుంపా తెలియదు. రెండు లోకాల మధ్య ఆ పిల్లను నిలబెట్టింది ఎవరు? బడిలో మనం కూడా ఉన్నాం. డీఎస్సీ కోసం, గ్రూప్స్ కోసం జీకే బిట్లు బట్టీపట్టి వచ్చినవాళ్ళం. తరగతి గదిలో మళ్ళీ అవే రాజధానులు, అవే అవార్డులు అడుగుతున్నాం. అమ్మమ్మ దగ్గర ఏం నేర్చుకున్నావని ఎన్నిసార్లు అడిగాం?

అందుకే మేం అడిగేవి ఇవి. మా పిల్లల మీద పరీక్ష పెట్టేవాళ్ళు ప్రశ్నలు రాసేటప్పుడే మా ఉపాధ్యాయుల్ని, ఊరి పెద్దల్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ప్రశ్న ఖరారు చేసే ముందు కొద్దిమంది పిల్లల్ని ఒక్కొక్కరినీ 'ఎందుకలా అనుకున్నావమ్మా' అని అడిగి వినాలి. విని ఉంటే ఆవు ప్రశ్న ఆ రోజే పోయేది. ఇంటి భాషలో గొంతు వినిపించాలి, టాబ్లెట్ చేతికి అలవాటయ్యేదాకా మార్కుల్లేని ప్రశ్నలతో ఆడుకోనివ్వాలి. గడియారం ఎందుకు పెట్టారో చెప్పాలి, చెప్పలేకపోతే తీసేయాలి. మార్కులు ఎలా వేశారో కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఇంకొకటి. హాస్టల్లో ఉన్న పిల్లకు తల్లిదండ్రులు లేకుండా పోలేదు. ఆరోగ్య పరిశోధనలకు ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు కూడా తల్లిదండ్రుల అనుమతితో పాటు ఏడేళ్ళు దాటిన పిల్లల సమ్మతి కావాలంటాయి. హెడ్మాస్టరు సంతకం ఒక్కటీ చాలదు. ఊళ్ళో చెప్పాలి, అర్థమయ్యే భాషలో చెప్పాలి. వద్దన్న పిల్లను వదిలేయాలి. ఫలితం ముందు మా ఊరికి వినిపించి, ఆ తర్వాతే బయట అచ్చు వేయాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తోటి ఉపాధ్యాయులారా! ఈ పుస్తకం మూసేశాక ఒక పని చేయండి. మీ తరగతి పిల్లల్ని ఈ వారం ఇంట్లో, సంతలో, పొలంలో పెద్దల్ని అడిగి తలా రెండు ప్రశ్నలు తెమ్మనండి. జవాబులు కూడా వాళ్ళే రాయాలి. ఒకే ప్రశ్నకు రెండు ఊళ్ళలో రెండు సరైన జవాబులు ఉంటే రెండూ రాయనివ్వండి. దాని పక్కనే లిఫ్టూ, సిగ్నల్ దీపమూ కూడా నేర్పండి. రేపు టాబ్లెట్లు పట్టుకుని ఎవరైనా వస్తే కుర్చీ వేయండి, మంచినీళ్ళు ఇవ్వండి. ఆ తర్వాత ఈ నోటు పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టి, ముందు మీ ప్రశ్నలు మాకు చూపించండి అని అడగండి. చూపించిన తర్వాతే పిల్లల్ని పిలవండి.