బండి మనది, తాళం వాళ్లది



మొన్న ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. తెల్లవారుజామున నాలుగు గంటలకు ముప్పై ఐదు బస్తాల మిర్చి వేసుకొని నర్సంపేట దిక్కు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు బయలుదేరాను. బండి నాదే. మూడేళ్ల కింద ఫైనాన్స్‌లో తీసుకున్న పికప్, ఇంకా పదహారు కిస్తీలు ఉన్నాయి. గీసుగొండ చేరకముందే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా స్పీడు ఇరవై దాటలేదు. ఎడ్లబండి నయం.

మా ఊరి మెకానిక్‌కు ఫోన్ చేస్తే అరగంటలో బైకు మీద వచ్చాడు. ముప్పై ఏళ్లుగా పానా పట్టిన మనిషి. చప్పుడు విని జబ్బు చెప్పగలడు. బానెట్ ఎత్తి, చెవి పెట్టి విని, చేతులు తుడుచుకున్నాడు. "ఇంజన్ల ఏం లేదన్నా, మంచిగనే నడుస్తాంది. దీనికి కంప్యూటర్ పెట్టి చూడాలె. ఆ కంప్యూటర్ మా అసోంటోళ్లకు ఇయ్యరు" అన్నాడు.

కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే టోయింగ్ బండి మధ్యాహ్నం వస్తుందన్నారు. ఇంకో బండి కిరాయికి మాట్లాడి, రోడ్డు మీదనే బస్తాలు మార్చి, యార్డుకు చేరేసరికి జెండా పాట అయిపోయింది. శని, ఆదివారాలు మార్కెట్ బంద్. సోమవారం నా సరుకుకు క్వింటాలుకు 600 రూపాయలు తక్కువ పలికింది. పద్నాలుగు క్వింటాళ్ల మీద 8,400 పోయింది. కిరాయి, హమాలీ కలిపి 2,900. బండి ఐదు రోజులు షోరూములో ఉంది. చివరికి తేలింది ఏమిటంటే, సైలెన్సర్ దగ్గరి సెన్సర్‌కు పోయే వైరును ఎలుక కొరికింది! జానెడు వైరు అతికిస్తే సరిపోయేదానికి వైరింగ్ సెట్టు మొత్తం మార్చారు. అది 9,400. టోయింగ్ 3,500. కంప్యూటర్ పెట్టి చూసినందుకు 1,200. ఎలుక కొరికితే వారంటీ వర్తించదట. మొత్తం 25,400 రూపాయలు.

లోపం ఎక్కడుందో తెలిస్తే మా ఊరి మెకానిక్ రోడ్డు పక్కనే పది నిమిషాల్లో బాగు చేసేవాడు. ఆయనకు పని రాక కాదు నేను మునిగింది. ఏ వైరు తెగిందో చెప్పే సమాచారం కంపెనీ తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది కాబట్టి మునిగాను. ఈ వ్యాసం ఆ తాళం గురించే.

ఇది నా ఒక్కడి గోడు అయితే సంఘం పత్రికలో రాసేవాణ్ని కాదు. మా పక్క ఊళ్లో యాసంగి వరి కోతల్లో ఒక రైతు పెద్ద ట్రాక్టర్ సెన్సర్ లోపంతో పొలంలోనే ఆగిపోయింది. మొగులు పట్టి ఉంది, వడ్లు కల్లంలో ఉన్నాయి. కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది మూడో రోజు. నలుగురు రైతులు కూర్చున్న చోట అడగండి, ఇలాంటి కథ కనీసం ఒకటి దొరుకుతుంది.

కొంచెం వెనక్కి పోదాం. 1963లో అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ భాగస్వామ్యంతో మహీంద్రా వాళ్లు ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టారు. అప్పుడు వచ్చిన బి-275 ట్రాక్టర్లను మన పెద్దలు ఇంకా తలుచుకుంటారు. 1947 తర్వాత ఇదే కంపెనీ అమెరికా విల్లీస్ జీపులను ఇక్కడ బిగించి అమ్మింది. ఆ బండ్లు చెడిపోలేదా? చెడిపోయాయి, తరచుగానే చెడిపోయాయి. కాకపోతే వాటిని ఊళ్లోనే విప్పగలిగేవాళ్లు, ఊళ్లోనే బిగించగలిగేవాళ్లు. పిస్టన్ రింగులు ములుగు రోడ్డు మీద దొరికేవి, లేత్ పని వరంగల్‌లో అయ్యేది. బండి కొన్నవాడికి బండి మీద పూర్తి అధికారం ఉండేది.

2020 ఏప్రిల్ 1 నుంచి రోడ్డు వాహనాలకు బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 నిబంధనలు వచ్చాయి. డీజిల్ ఎంత పడాలో, ఎప్పుడు పడాలో ఇప్పుడు కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పొగను వడగట్టే డీపీఎఫ్ అనే జల్లెడ సైలెన్సర్‌లో ఉంటుంది. ఆ నిబంధనలకు మేము వ్యతిరేకం కాదు. ట్రాక్టర్ వెనకాల పొగ పీల్చేది మనమే, మన పిల్లలే. డీపీఎఫ్ పీకేసి పైపు పెట్టించుకొమ్మని కొందరు సలహా ఇస్తున్నారు. అది చట్ట విరుద్ధం, ఒంటికీ చేటు. ఆ దారి పట్టవద్దు.

కానీ అమ్మేటప్పుడు చెప్పని మాట ఒకటి ఉంది. ఆ జల్లెడలో మసి నిండితే దాన్ని కాల్చివేయాలి. బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో పోతే ఆ వేడికి మసి దానంతట అదే కాలుతుంది. మన బండ్లు ఎక్కడ తిరుగుతాయి? చెలక నుంచి కల్లానికి, కల్లం నుంచి ఊరికి, రెండు కిలోమీటర్లు పోయి ఆగుతాయి, ఎరువు బస్తాలు దింపేదాకా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. అలాంటి బండిలో మసి కాలదు, పేరుకుంటుంది. లైటు వెలుగుతుంది, బండి నీరసపడుతుంది. అప్పుడు కంప్యూటర్ ద్వారా ఆదేశం ఇచ్చి బలవంతంగా కాల్చాలి. బజారులో రెండు మూడు వేలకు దొరికే స్కానర్లు కొన్ని తప్పుల నంబర్లు చూపిస్తాయి. అయితే మసి కాల్చమని ఆదేశించాలన్నా, కొత్త ఇంజెక్టర్ వేసి దాని నంబరు ఎక్కించాలన్నా చాలా బండ్లకు కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. అది డీలరు దగ్గరే ఉంటుంది. డీలరు జిల్లా కేంద్రంలో ఉంటాడు. ఆదివారం సెలవు.

కంపెనీల వాదన మనకు తెలుసు. బయటి మెకానిక్ చేతిలో పెడితే బండి పాడవుతుందంటారు, పొగ పెరుగుతుందంటారు, బజారులో నకిలీ సామాన్లు ఉన్నాయంటారు. నకిలీ సామాన్లు ఉన్న మాట నిజమే. నేనూ మోసపోయాను. అసలు సామాను కౌంటర్ మీద, ముద్రించిన ధరకు, అడిగినవాడికల్లా అమ్మితే నకిలీది ఎవడు కొంటాడు? అసలుది దొరకకుండా చేసి, నకిలీ గురించి హెచ్చరించడం ఏం న్యాయం? ఇక బయటి మెకానిక్ పాడు చేస్తాడన్న మాట. చదువుకోవడానికి పుస్తకం ఇవ్వరు, చూడటానికి పరికరం ఇవ్వరు, వాడికి పని రాదని మాత్రం అంటారు.

ఈ మాట పల్లెటూరి రైతులం మేమే అంటున్నామనుకుంటే పొరపాటు. మన దేశపు కాంపిటీషన్ కమిషనే అన్నది. 2014 ఆగస్టు 25న ఆ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. అందులో టాటా, మహీంద్రా, మారుతి ఉన్నాయి. అమెరికాకు చెందిన ఫోర్డ్, జనరల్ మోటార్స్ ఉన్నాయి. విడి భాగాలను, లోపం కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేయడం పోటీని చంపడమేనని కమిషన్ తేల్చింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, కొన్ని జరిమానా తగ్గించుకున్నాయి. ఆ తీర్పు కార్ల మీద వచ్చింది. ట్రాక్టర్ గురించి, సరుకు బండి గురించి అడిగిన నాథుడు లేడు.

అమెరికా సంగతి చూడండి. అక్కడి రైతుకు పికప్ ట్రక్కు అంటే మనకు ట్రాక్టర్ ట్రాలీ లాంటిది, అది లేకుండా రోజు గడవదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ప్రజలు ఓటు వేసి మరీ వాహనాల రిపేరు హక్కు చట్టం తెచ్చుకున్నారు. డీలరుకు ఇచ్చే సమాచారం, పరికరాలు సరసమైన ధరకు యజమానికీ, బయటి మెకానిక్‌కూ ఇవ్వాలన్నది దాని సారం. కంపెనీలు అప్పుడు సమాచారాన్ని బండి నుంచి నేరుగా తమ కంప్యూటర్లకు గాలిలోనే పంపుకునే పద్ధతి పట్టాయి. 2020లో ప్రజలు మళ్లీ ఓటు వేసి ఆ సందు కూడా మూయాలన్నారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలకు ప్రత్యేకంగా రిపేరు హక్కు చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమలులో ఉంది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ మీద కేసు వేసింది. పూర్తిగా పనిచేసే రిపేరు సాఫ్ట్‌వేర్‌ను అధీకృత డీలర్లకే పరిమితం చేసిందన్నది ఆరోపణ. వందల ఎకరాల ఆసామికే ఈ తాళం బరువైందంటే, మూడెకరాల కౌలు రైతు సంగతి ఏమిటి?

మరి మన ప్రభుత్వం ఏం చేసింది? 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. నాలుగు రంగాలు ఎంచుకుంటే అందులో మొదట చెప్పింది వ్యవసాయ పరికరాలనే. మోటారు వాహనాలు కూడా ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరు 24న వెబ్ పోర్టల్ ప్రారంభించారు. పోర్టల్‌లో కంపెనీలు తమ సమాచారం పెట్టవచ్చు. పెట్టకపోతే? ఆ పోర్టల్ చేతిలో శిక్షించే అధికారం లేదు. తాళం చెవి అడిగితే తాళం బొమ్మ చూపించినట్టుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, టైర్లు, కొన్ని విడి భాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే, కాదనం. కొనేటప్పుడు తగ్గిన పైసలు రిపేరు బిల్లులో గుంజుకుంటుంటే రైతు చేతిలో మిగిలేది ఎంత?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. కంపెనీ తన లెక్క చూసుకొని దుకాణం కట్టేయవచ్చు. బండి కొన్నవాడు ఎక్కడికి పోతాడు? రేపు ఏ ట్రాక్టర్ కంపెనీ అయినా ఇదే పని చేస్తే, దాని సాఫ్ట్‌వేర్ తాళం తీసేది ఎవరు? కిస్తీలు మాత్రం ఆగవు.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. డీలరుకు ఇచ్చే రిపేరు పుస్తకం, లోపం కనిపెట్టే పరికరం, సాఫ్ట్‌వేర్ సరసమైన ధరకు బయటి మెకానిక్‌లకు, రైతులకు ఇవ్వాలి. దీన్ని పోర్టల్‌కు వదలకుండా, ట్రాక్టర్లకు, హార్వెస్టర్లకు, సరుకు బండ్లకు వర్తించే చట్టంగా చేయాలి. ఉల్లంఘిస్తే జరిమానా ఉండాలి.

2. అసలు విడి భాగాలు ముద్రించిన ధరకు కౌంటర్ మీద అమ్మాలి. మోడల్ ఆపేసినా, కంపెనీ వెళ్లిపోయినా కనీసం పదేళ్లు దొరికేలా ముందే పూచీ తీసుకోవాలి.

3. రిపేరు ధరల పట్టిక ప్రతి షోరూములో తెలుగులో పెట్టాలి. డీపీఎఫ్ సంగతి బండి అమ్మేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి.

4. మిర్చి, వరి సీజన్లలో మండల కేంద్రాల్లో సెలవులు లేకుండా సర్వీసు నడపాలి.

5. ఐటీఐల ద్వారా ఊరి మెకానిక్‌లకు కొత్త ఇంజన్ల మీద ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ ఇవ్వాలి.

డిమాండ్లు గోడ మీద రాస్తే నెరవేరవు. మనం చేయాల్సిన పని కూడా ఉంది. జాబ్ కార్డు లేకుండా బండి అప్పగించవద్దు. మార్చిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. బిల్లు లేకుండా పైసలు కట్టవద్దు. అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి. "మీది వ్యాపార బండి, మీరు వినియోగదారు కారు" అని అవతలి వకీలు అంటాడు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్న వస్తువు వ్యాపారం కిందికి రాదని ఆ చట్టంలోనే ఉంది. ఆ మాట గట్టిగా చెప్పండి.

గత రెండేళ్ల రిపేరు బిల్లులు, జాబ్ కార్డుల జిరాక్సులు మీ మండల కమిటీకి అందజేయండి. బండి ఎన్ని రోజులు ఆగింది, ఆ రోజుల్లో ఎంత నష్టపోయారు అన్నది వెనకాల రాయండి. ఒక్కరి బిల్లు తీసుకొని పోతే షోరూము మేనేజర్ కుర్చీ కూడా చూపించడు. వంద బిల్లులు ఒక కట్టగా కట్టి కలెక్టర్ ముందు పెడితే లెక్క వేరే ఉంటుంది. నా 25,400 రూపాయల బిల్లు ఆ కట్టలో మొదటిది. మండల కమిటీకి ఇప్పటికే ఇచ్చాను.

మా ఊరి మెకానిక్ నిన్న మళ్లీ కనిపించాడు. "ఆ కంప్యూటర్ నేర్పిస్తే నేను నేర్చుకోనానె?" అని అడిగాడు. యాభై ఏళ్ల వయసులో నేర్చుకోవడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఇవ్వడానికి ఎవరు సిద్ధంగా లేరో, ఎందుకు లేరో వాళ్లనే అడుగుదాం.