ఒకే దుకాణం, రెండు న్యాయాలు

కొరియాలో పెళ్లయినా స్త్రీ ఇంటిపేరు మారదు. పుట్టింటి పేరే చివరిదాకా ఉంటుంది. అదే స్త్రీ అమెరికాలో స్థిరపడ్డాక భర్త ఇంటిపేరు పెట్టుకోవడం తరచుగా కనిపిస్తుంది. కొరియా అంటే కట్టుబాటు, అమెరికా అంటే స్వేచ్ఛ అని తేలికగా అనేస్తాం గానీ, ఈ చిన్న విషయం దగ్గరే మన లెక్క తప్పుతుంది.

1903 జనవరి 13న గేలిక్ అనే ఓడలో తొలి కొరియా వలస కూలీల జట్టు హవాయి దీవుల్లోని హొనొలులు చేరింది. చెరకు తోటల్లో పనికి వచ్చిన వారిలో చాలామంది ఇంచియాన్‌లోని నేరి మెథడిస్టు సంఘస్థులు. అందుకే ఆ ప్రజల వలస చరిత్రనూ సంఘ చరిత్రనూ విడదీయలేం. 1965 నాటి అమెరికా వలస చట్టం తరువాత చదువుకున్నవారు ఎక్కువగా వచ్చారు. సొంత దేశంలో మంచి ఉద్యోగం చేసినవాడు ఇంగ్లిషు సరిగా రాక లాస్ ఏంజిలిస్‌లోనో న్యూయార్క్‌లోనో కిరాణా కొట్టో, డ్రైక్లీనింగ్ దుకాణమో పెట్టుకున్నాడు. స్వదేశంలో ఇంటిపట్టున ఉన్న భార్య ఇక్కడ అతని పక్కనే నిలబడి గల్లా చూసింది. రాత్రి దుకాణం మూసి ఇద్దరూ ఇంటికి వస్తే, ఆయన కుర్చీలో కూర్చునేవాడు, ఆమె వంటింట్లోకి వెళ్లేది. భార్య సంపాదన పెరిగినా భర్త ఆలోచన మారలేదనీ, గొడవలకు అదే మూలమనీ న్యూయార్క్ సామాజిక శాస్త్రవేత్త ప్యోంగ్ గాప్ మిన్ 1998లో ఈ కుటుంబాలపై రాసిన పుస్తకంలో చూపించారు.

ఇందులో సంఘం పాత్ర ఏమిటి? వారమంతా ఎవరూ లెక్కచేయని మనిషి ఆదివారం 'జాంగ్నో', అంటే సంఘపెద్ద. ఊరుగాని ఊళ్లో పోయిన గౌరవం దేవుని మందిరంలో దొరికితే ఆయనను నేను తప్పుపట్టను. అయితే ఆ గౌరవానికి వెల ఎవరు కట్టారు? పెద్దల పదవులు ఎక్కువగా పురుషులవే. ఆరాధన తరువాత అందరికీ అన్నం, కిమ్చీ వడ్డించి గిన్నెలు కడిగింది, వారమంతా గల్లా దగ్గర నిలబడిన ఆ స్త్రీలే. (మన ప్రేమవిందుల్లో గిన్నెలు ఎవరు కడుగుతున్నారో చెప్పనక్కరలేదు.)

ఆడది తండ్రికి, భర్తకు, కొడుక్కి లోబడాలన్నది కన్ఫ్యూషియస్ సంప్రదాయం. మన దేశంలోనూ ఆ మాట పాతదే. దాన్ని తెచ్చి ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయానికి అంటగట్టడమే ప్రమాదం. మనం 22వ వచనం దగ్గర మొదలుపెడతాం. ఒకరికొకరు లోబడమన్న 21వ వచనం వెనకే ఉండిపోతుంది. అతి ప్రాచీన గ్రీకు ప్రతుల్లో 22వ వచనంలో 'లోబడు' అన్న క్రియే లేదు, పై వచనం నుంచే తీసుకోవాలి. వేదాంత కళాశాలలో ఇది చదువుకున్న నేనే చాలా ఏళ్లు పెళ్లి ప్రసంగాలను 22తో ప్రారంభించాను. ఎవరూ అడగలేదు!

విచిత్రం ఏమిటంటే, వలస వెళ్లినవారు తమతో తీసుకెళ్లిన కొరియా ఇప్పుడు కొరియాలోనే లేదు. ఇంటి యజమానిగా పురుషుడికే ముందు స్థానమిచ్చే 'హోజు' పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2005లో తేల్చింది. 2008 జనవరి 1 నుంచి అది రద్దయింది. అలాగని అమెరికా పద్ధతే సువార్త కాదు. నా హక్కు, నా జీవితం అన్న చోట భర్తా లోబడడు, భార్యా లోబడదు. సిలువ ఆ ఇద్దరినీ ప్రశ్నిస్తుంది.

మన తెలుగు విశ్వాసుల్లోనూ భార్య నర్సుగా ముందు వెళ్లి, తరువాత భర్తను పిలిపించుకున్న కుటుంబాలున్నాయి. వారికీ వారి కాపరులకూ నేను అకుల, ప్రిస్కిల్లలను గుర్తుచేస్తాను. వారూ వలసదారులే. అకుల పొంతులో పుట్టాడు. క్లౌదియ చక్రవర్తి యూదులను వెళ్లగొట్టగా ఆ దంపతులు రోమా విడిచి కొరింథుకు వచ్చారు, అక్కడి నుంచి ఎఫెసుకు వెళ్లారు. ఇద్దరిదీ ఒకే వృత్తి, డేరాలు కుట్టడం (అపొ.కా. 18). బైబిలులో వారి పేర్లు కలిసి వచ్చే ఆరు చోట్ల నాలుగింట భార్య పేరే ముందుంది. దానికి అకుల నొచ్చుకున్నట్టు ఎక్కడా లేదు. గొప్ప వక్త అపొల్లోకు దేవుని మార్గం మరింత పూర్తిగా వివరించింది ఇద్దరూ కలిసే. ఆ రోజు వంట ఎవరు చేశారో మాత్రం లూకా రాయలేదు.